ఆకాశపు క్రియాటినిన్ పరీక్ష
(ఆరోగ్య పాఠం: గాలి తనను తాను ఎలా శుభ్రం చేసుకుంటుంది?)

చలికాలం వచ్చిందంటే ఆసుపత్రి ఓపీలో దగ్గు, ఆయాసం, పిల్లికూతలతో వచ్చేవారి వరుస పొడవవుతుంది. యాదగిరిగుట్ట చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవారిలో కట్టెల పొయ్యి ముందు ఏళ్ల తరబడి కూర్చున్న ఆడవారు చాలామంది ఉంటారు. అలా వచ్చిన ఒక పెద్దమ్మ డాక్టరుగారిని ఇలా అడిగింది: "సారూ, నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంటే పటిక, సున్నం ఏసి తేర్చుకోమంటరు. మరి గింత పొగ గాలిల కలుస్తున్నది గదా, దాన్ని ఎవరు కడుగుతరు?"

ప్రశ్న చిన్నదే గాని, శాస్త్రజ్ఞులను ఎంతోకాలం ఆలోచింపజేసిన ప్రశ్న ఇది. మన ఉమ్మడి జిల్లా పేరుతోనే ప్రపంచానికి తెలిసిన "నల్లగొండ పద్ధతి" సంగతి మీకు తెలిసే ఉంటుంది. నాగపూర్‌లోని నీరి సంస్థవారు రూపొందించిన ఈ పద్ధతిలో నీటిలో పటిక, సున్నం కలిపి, బాగా తిప్పి, తేరనిచ్చి, వడకడతారు. ఫ్లోరైడ్ చాలావరకు మడ్డితోపాటు అడుక్కు దిగుతుంది. నీటికి మనుషులు కనిపెట్టిన మందు అది. గాలికి అటువంటి మందును ఎవరూ కలపడం లేదు. అయినా గాలిలో శుద్ధి జరుగుతూనే ఉంది. అది ఎలా జరుగుతుందో, దానిని ఎలా కొలుస్తారో, అది మన ఊపిరితిత్తులను ఎంతవరకు కాపాడగలదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

గాలిని కడిగేది ఏమిటి?

గాలిలో ఓజోన్ అనే వాయువు కొద్దిగా ఉంటుంది. దానిమీద ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడినప్పుడు అది విరిగి, చురుకైన ఆక్సిజన్ పరమాణువు ఒకటి విడిపోతుంది. ఆ పరమాణువు గాలిలోని నీటి ఆవిరితో కలిస్తే "హైడ్రాక్సిల్" అనే కణాలు రెండు పుడతాయి. ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసి ఉండే ఈ కణానికి జత కుదరని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. అందుచేత అది ఊరుకోదు. ఎదురుపడిన దానినల్లా పట్టుకుంటుంది.

కార్బన్ మోనాక్సైడ్ ఎదురైతే దానిని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. మీథేన్ ఎదురైతే దానిని విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. పెట్రోలు ఆవిర్లు, గంధకపు పొగ వంటివాటిని నీటిలో కరిగే రూపంలోకి తెస్తుంది. ఆ తరువాత వాన వాటిని కడిగి నేలకు దించుతుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, మురికి బట్టకు సబ్బు ఎటువంటిదో గాలికి హైడ్రాక్సిల్ అటువంటిది.

ఈ సబ్బు తయారుకావడానికి కావలసినవి మూడు: ఎండ, తేమ, కాస్త ఓజోన్. ఎండా తేమా ఎక్కువగా ఉండేది ఉష్ణమండలంలో. అంటే మన తలలమీది ఆకాశంలోనే భూమి గాలికి పెద్ద చాకిరేవు ఉన్నదన్నమాట.

కొలవడం ఎందుకు కష్టం?

పగటిపూట సాధారణంగా ఒక ఘనసెంటీమీటరు గాలిలో, అంటే వేలి కొస అంత చోటులో, హైడ్రాక్సిల్ కణాలు పదుల లక్షలు మాత్రమే ఉంటాయి. లక్షలంటే ఎక్కువే కదా అనిపించవచ్చు. కాని అదే చోటులో ఉన్న మొత్తం గాలి అణువులు సుమారు రెండున్నర లక్షల కోట్ల కోట్లు! పైగా ఒక్కొక్క హైడ్రాక్సిల్ కణం ఆయుష్షు ఒక సెకను కూడా ఉండదు. పుట్టిన వెంటనే దేనినో పట్టుకుని తాను పోతుంది. ఎండ ఉన్నచోట ఒక లెక్క, మబ్బు కింద మరొక లెక్క. పరికరాలతో ఒకచోట కొలిచినా, ఆ కొలత పక్క ఊరికి పనికిరాదు. భూమి మొత్తం మీద ఈ శుద్ధి ఎంత బలంగా జరుగుతున్నదో తెలుసుకోవాలంటే వేరే ఉపాయం కావాలి.

ఇక్కడ మన ఆసుపత్రి ల్యాబును జ్ఞాపకం చేసుకోండి. మూత్రపిండాలు సరిగా పనిచేస్తున్నాయా లేదా అని డాక్టరుగారు పొట్ట కోసి చూడరు. రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. ఎందుకని? క్రియాటినిన్ మన కండరాలలో ప్రతిరోజూ దాదాపు ఒకే మోతాదులో తయారవుతుంది. దానిని బయటికి పంపవలసింది మూత్రపిండాలు. తయారయ్యేది సమానంగా ఉన్నప్పుడు, రక్తంలో అది పెరిగిందంటే వడకట్టే పని మందగించిందని అర్థం. కొళాయి ధార మారకుండా తొట్టిలో నీటిమట్టం పెరిగిందంటే తూము పూడుకున్నదని తెలుసుకున్నట్టే.

ఆకాశానికి కూడా ఇటువంటి క్రియాటినిన్ ఒకటి ఉంటే బాగుండును కదా! ఉన్నది. దాని పేరు రేడియోకార్బన్, అంటే కార్బన్-14.

రేడియోకార్బన్ అంటే ఏమిటి? భయపడాలా?

అంతరిక్షం నుంచి కాస్మిక్ కిరణాలు నిరంతరం భూమి మీదికి వస్తుంటాయి. అవి పై గాలిని ఢీకొన్నప్పుడు న్యూట్రాన్‌లు పుడతాయి. ఆ న్యూట్రాన్‌లు నైట్రోజన్ పరమాణువులను తాకితే అవి కార్బన్-14గా మారతాయి. భూమి మొత్తానికి సగటు తీస్తే, ప్రతి చదరపు సెంటీమీటరు నేలకు పైన ఉన్న ఆకాశంలో సెకనుకు సుమారు 2 పరమాణువులు ఇలా పుడుతుంటాయి. ఈ కార్బన్ నెమ్మదిగా క్షీణిస్తుంది. ఉన్నదానిలో సగం తరిగిపోవడానికి సుమారు 5,730 సంవత్సరాలు పడుతుంది. పాత కట్టె, ఎముక, బొగ్గు వయస్సును దీని సహాయంతో కట్టే పద్ధతిని 1940లలో రూపొందించిన అమెరికా శాస్త్రజ్ఞుడు విల్లార్డ్ లిబ్బీకి 1960లో నోబెల్ బహుమతి వచ్చింది.

"రేడియో" అన్న మాట వినగానే కొందరు భయపడతారు. చెట్లు గాలిలోని కార్బన్‌ను తీసుకుంటాయి, మనం ఆ గింజలను, కూరలను తింటాం. కాబట్టి మనందరి ఒంట్లోనూ కార్బన్-14 ఎప్పుడూ ఉన్నదే. పెద్దవారి శరీరంలో సెకనుకు సుమారు 3,000 కార్బన్-14 పరమాణువులు క్షీణిస్తుంటాయి. మన తాతముత్తాతల ఒంట్లోనూ ఇదే జరిగింది. కడుపులో పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరి క్రిమిని కనిపెట్టడానికి చేసే ఊపిరి పరీక్షలలో ఒక రకం కూడా చాలా కొద్ది మోతాదు కార్బన్-14తోనే చేస్తారు. గాలి పరీక్షకు అయితే శాస్త్రజ్ఞులు కొత్తగా ఏ రేడియోధార్మిక పదార్థాన్నీ వదలరు. ప్రకృతిలో సహజంగా పుట్టినదానినే లెక్కపెడతారు.

లెక్క ఎలా కుదురుతుంది?

కొత్తగా పుట్టిన కార్బన్-14లో నూటికి 90 వంతులకు పైగా వెంటనే ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. మామూలు కార్బన్ మోనాక్సైడ్ వంటిదే, కాకపోతే దానికి ఒక గుర్తు ఉంది. పుల్లలు, పెట్రోలు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఎంతో లెక్కకట్టడం కష్టం. ఎవరు ఎక్కడ ఎంత కాల్చారో ఎవరికి తెలుసు? కాని గుర్తున్న కార్బన్ మోనాక్సైడ్ చాలావరకు పైనుంచే వస్తుంది. అది ఎంత తయారవుతున్నదో కాస్మిక్ కిరణాల కొలతల నుంచి లెక్కవేయవచ్చు. దానిని తొలగించే పని ముఖ్యంగా హైడ్రాక్సిల్‌ది. తయారీ తెలుసు, గాలిలో మిగిలినది కొలవవచ్చు. ఇక తొలగింపు ఎంత అనేది తీసివేత లెక్క.

చెప్పినంత సులువు కాదు సుమా! ఘనసెంటీమీటరు గాలిలో ఈ గుర్తున్న అణువులు సుమారు 10 మాత్రమే. వందల లీటర్ల గాలిని సిలిండర్లలో పట్టి, ముందుగా అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను పూర్తిగా తీసివేయాలి. తరువాత మిగిలిన కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి, దానినుంచి మిల్లీగ్రాములో చిన్న భాగమంత కార్బన్‌ను రాబట్టి, యాక్సిలరేటర్ యంత్రంలో కార్బన్-14 పరమాణువులను ఒక్కొక్కటిగా లెక్కపెడతారు.

క్రియాటినిన్ చూసేటప్పుడు డాక్టరుగారు రోగి వయస్సు, శరీర బరువు కూడా లెక్కలోకి తీసుకుంటారు. కండలు ఎక్కువ ఉన్న కుర్రవాడికి, బక్కపలచని ముసలమ్మకు ఒకే అంకె వచ్చినా అర్థం ఒకటి కాదు. ఆకాశానికి కూడా అంతే. సూర్యుడు చురుకుగా ఉన్న సంవత్సరాలలో కాస్మిక్ కిరణాలు భూమికి తక్కువగా చేరతాయి, కార్బన్-14 తక్కువ పుడుతుంది. సుమారు 11 సంవత్సరాలకు ఒకసారి వచ్చే ఈ హెచ్చుతగ్గులను సరిచేసుకున్న తరువాతే ఫలితం చెప్పాలి.

ఈ పరీక్ష ఏమి తెలిపింది?

1960లలో మోటారు వాహనాల పొగ గురించి అమెరికాలో ఆందోళన ఎక్కువగా ఉండేది. కార్బన్ మోనాక్సైడ్ గాలిలో ఏళ్ల తరబడి పేరుకుపోతుందని అనుకునేవారు. 1969లో బెర్నార్డ్ వైన్‌స్టాక్ అనే శాస్త్రజ్ఞుడు గుర్తున్న కార్బన్ మోనాక్సైడ్ కొలతలతో లెక్కవేసి, అది గాలిలో ఉండేది సంవత్సరంలో పదోవంతు కాలమేనని చూపించాడు. అంటే దానిని ఏదో చాలా వేగంగా తొలగిస్తున్నది. ఆ తొలగించేది హైడ్రాక్సిల్ అని, మనం పీల్చే కింది గాలిలో కూడా ఎండ వల్ల అది పుడుతుందని 1971లో హైరమ్ లెవీ వివరించాడు. ఇప్పటి లెక్క ప్రకారం కార్బన్ మోనాక్సైడ్ ఆయుష్షు సగటున రెండు నెలలు. మీథేన్‌ది సుమారు తొమ్మిది, పది సంవత్సరాలు.

ఆ తరువాత న్యూజిలాండ్‌లోని బేరింగ్ హెడ్ వద్ద, దక్షిణ ధ్రువఖండంలో ఏళ్ల తరబడి ఈ గాలి నమూనాలను పట్టారు. మార్టిన్ మానింగ్ బృందం 2005లో ప్రకటించిన ఫలితాలలో రెండు సంగతులు గమనించదగినవి. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలిన తరువాత, 1997లో ఇండోనేషియాలో అడవులు తగలబడిన తరువాత గాలి శుద్ధి కొన్ని నెలలపాటు మందగించింది. తరువాత కోలుకుంది. జ్వరం వచ్చి తగ్గిన మనిషిలాగా ఆకాశం కూడా నీరసించి తేరుకున్నదన్నమాట.

2025లో ఓలాఫ్ మోర్గెన్‌స్టెర్న్ బృందం అవే చోట్ల మూడు దశాబ్దాలకు పైగా సాగిన కొలతలను ప్రకటించింది. గుర్తున్న కార్బన్ మోనాక్సైడ్ క్రమంగా తగ్గుతున్నదని, అంటే ఆ దక్షిణ భాగపు గాలిలో శుద్ధిశక్తి కొంత పెరిగిందని వారు తేల్చారు. క్రియాటినిన్ తగ్గితే సంతోషించినట్టే దీనికీ సంతోషించవచ్చు. కాని ఒక్క రోగి రిపోర్టు చూసి వార్డంతా బాగున్నదని ఎలా చెప్పలేమో, దక్షిణాది గాలి రిపోర్టు చూసి మన పొగమంచు గురించి నిశ్చింతగా ఉండలేము.

హైదరాబాదు మీది ఆకాశం

కాస్మిక్ కిరణాల కథలో మన ప్రాంతానికి కూడా చోటు ఉంది. హైదరాబాదులో ఈసీఐఎల్ దగ్గర టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూన్ కేంద్రం ఉన్నది. అక్కడి నుంచి పరికరాలను మోసుకుని పెద్ద పెద్ద బెలూన్లు ముప్పై, నలభై కిలోమీటర్ల ఎత్తుకు వెళతాయి. భూమి అయస్కాంతశక్తి భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న చోట్ల కాస్మిక్ కిరణాలను ఎక్కువగా పక్కకు తోసివేస్తుంది. అందుచేత హైదరాబాదు మీద ఈ కిరణాల తాకిడి తక్కువ. సున్నితమైన పరిశోధనలకు ఇది అనుకూలమైన చోటు. రేడియోకార్బన్ కూడా ఇందువల్లనే ధ్రువాల వైపు ఎక్కువగా, మనవైపు తక్కువగా పుడుతుంది. ధ్రువాల వైపు పుట్టినది గాలులతో మనవైపు వస్తే, ఇక్కడి ఎండ దానిని కడిగేస్తుంది.

2005 ఏప్రిల్‌లో ఇక్కడి నుంచే ఇస్రోవారు బెలూన్ పంపి, 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులోని గాలిని స్టీలు సీసాలలో పట్టించారు. ఆ గాలిలోని సూక్ష్మజీవులను పరిశీలించగా మూడు కొత్త బాక్టీరియా జాతులు బయటపడ్డాయి. ఈ బెలూన్ల పరికరాలు పారాషూట్లతో మన జిల్లాల పొలాలలోనూ దిగుతుంటాయి. అటువంటి పెట్టె కనిపిస్తే విప్పకుండా పోలీసులకు తెలియజేయాలని పత్రికలలో ప్రకటిస్తుంటారు. ఈసారి చూస్తే ఆ మాట గుర్తుపెట్టుకోండి.

మన పొగ ఎక్కడిది?

రేడియోకార్బన్ ఇంకొక మేలు కూడా చేసింది. బొగ్గు, డీజిలు, పెట్రోలు కోట్ల సంవత్సరాల కిందటివి. వాటిలోని కార్బన్-14 ఎప్పుడో తరిగిపోయింది. కట్టె, పిడక, వరిగడ్డి నిన్న మొన్నటివి. వాటిలో అది ఉంటుంది. కాబట్టి మసిలో కార్బన్-14 ఎంత ఉన్నదో చూస్తే, ఆ మసి పొయ్యిలోదా, లారీ గొట్టంలోదా చెప్పవచ్చు. 2006లో పుణె దగ్గరి సింహగఢ్‌లోను, మాల్దీవులలోను పట్టిన గాలిని స్వీడన్ శాస్త్రజ్ఞుడు గుస్టాఫ్‌సన్ బృందం ఇలాగే పరీక్షించి, 2009లో ఫలితాలు ప్రకటించింది. దక్షిణాసియా మీద చలికాలంలో పరుచుకునే గోధుమరంగు పొగమేఘపు కార్బన్ ధూళిలో సుమారు మూడింట రెండు వంతులు కట్టె, పిడక, గడ్డి వంటివి కాల్చడం వల్ల వచ్చినదేనని తేలింది.

అంటే నేరమంతా పట్నపు మోటార్లదే కాదు. మన పొయ్యి, మన చేను కూడా అందులో ఉన్నాయి.

అయితే మనకు భయం లేదా?

ఆకాశం తనను తాను కడుక్కుంటుంది కదా, ఇక మనకేమి బెంగ అని ఎవరైనా అనుకోవచ్చు. ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇక్కడే ఉంది.

మొదటిది, హైడ్రాక్సిల్‌కు ఎండ కావాలి. రాత్రిపూట దాని పని దాదాపు ఆగిపోతుంది. తలుపులు మూసిన వంటింట్లో అది అక్కరకు రాదు.

రెండవది, దానికి వ్యవధి కావాలి. కార్బన్ మోనాక్సైడ్‌ను తొలగించడానికి ఆకాశానికి రెండు నెలలు పడితే, మూసిన గదిలో అది మనిషిని చంపడానికి కొన్ని గంటలు, ఒక్కొక్కసారి నిమిషాలు చాలు.

మూడవది, మసిని హైడ్రాక్సిల్ కడగలేదు. మసిని దించేది వాన. మనకు చలికాలంలో వాన ఉండదు, పొగ నేలను అంటుకునే ఉంటుంది. పైగా వాహనాల పొగ ఎక్కువగా ఉన్నచోట ఈ రసాయన చర్యల వల్లనే నేలమట్టంలో ఓజోన్ పెరిగి, ఆస్తమా ఉన్నవారిని మరింత బాధపెడుతుంది.

కార్బన్ మోనాక్సైడ్ మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తల తిరగడం, వాంతి, మత్తు దీని లక్షణాలు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇలా అయితే వెంటనే అనుమానించాలి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు ఈ స్థితిలో మోసం చేస్తుంది. రక్తంలో విషం ఉన్నా అంకె బాగానే చూపిస్తుంది. రోగికి మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడితే, మాస్కుతో ఆక్సిజన్ ఎక్కువ మోతాదులో ఇస్తే గంటా గంటన్నర చాలు. అందుకే ఆలస్యం చేయకూడదు.

ఇంట్లో పాటించవలసినవి

1. చలికాలంలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసి నిద్రపోకండి. బాలింత గదిలో అసలే పెట్టవద్దు.

2. గ్యాస్ గీజర్‌ను స్నానాలగది లోపల పెట్టించకండి. ఉన్నట్టయితే బకెట్ నింపుకుని, గీజర్ ఆపి, ఆ తరువాతే తలుపు వేసుకోండి.

3. 1999లో వచ్చిన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్వల పథకం వల్ల చాలా ఇళ్లకు గ్యాస్ చేరింది. నీళ్లు కాచడానికి మాత్రం కట్టెల పొయ్యి అలాగే ఉంది. దానిని ఆరుబయట పెట్టుకోండి. లోపలే తప్పనిసరి అయితే పొగగొట్టం, ఎదురెదురు కిటికీలు ఉండేటట్టు చూసుకోండి.

4. పొయ్యి ముందు కూర్చున్నప్పుడు చంటిబిడ్డను ఒడిలో పెట్టుకోకండి.

5. వరికొయ్యలను, ప్లాస్టిక్ చెత్తను తగలబెట్టకండి. సాయంత్రం పెట్టిన పొగ తెల్లవారేదాకా ఊరిమీదనే ఉంటుంది.

6. ఎవరైనా మూసిన గదిలో స్పృహ తప్పితే ముందు తలుపులు, కిటికీలు తెరిచి, వారిని బయటి గాలికి తెచ్చి, 108కి ఫోన్ చేయండి. ఉల్లిపాయ వాసన చూపించడం, నీళ్లు తాగించడం వంటివి చేయవద్దు.

7. రెండు వారాలకు మించిన దగ్గును "పొగ దగ్గే" అని వదిలేయకండి. క్షయ పరీక్ష తప్పక చేయించుకోండి.

చివరగా

పెద్దమ్మ ప్రశ్నకు డాక్టరుగారు ఇచ్చిన జవాబు క్లుప్తంగా ఇది: "అమ్మా, బయటి గాలిని ఎండా వానా కలిసి కడుగుతాయి. కాని నీ ఇంట్లో గాలిని కడిగేది కిటికీ ఒక్కటే. అది తెరిచి ఉంచు." ఆమె నవ్వి, "కిటికీ ఉంటే గద సారూ తెరిచేది" అన్నది. ఆ ఇంట్లో వంట చేసే చోట ఒక్క కిటికీ కూడా లేదు.

ఈ పాఠం చదివిన వారు ఈరోజు ఇంటికి వెళ్లి వంట చేసే చోట ఒకసారి నిలబడి చూడండి. పొగ ఎటు పోతున్నది? పోయే దారి లేకపోతే గోడలో పైన రెండు ఇటుకలు తీయించినా కొంత మేలే. పక్కింటివారికి కూడా ఈ సంగతి చెప్పండి.

మీకు మీరే ప్రశ్నించుకోండి

1. గాలిని శుభ్రపరిచే హైడ్రాక్సిల్ తయారుకావడానికి ఏమేమి కావాలి?
2. రేడియోకార్బన్‌ను ఆకాశపు క్రియాటినిన్ అని ఎందుకు అన్నాం?
3. మసి కట్టెలదా, డీజిలుదా అని ఎలా తెలుసుకుంటారు?
4. కార్బన్ మోనాక్సైడ్ సోకినవారికి వేలి మీటరు అంకెను ఎందుకు నమ్మకూడదు?
5. మీ వంటింట్లో పొగ పోయే దారి ఎక్కడ ఉంది?

మొదటి నాలుగింటికీ జవాబులు ఈ పాఠంలోనే ఉన్నాయి. అయిదవదానికి జవాబు మీ ఇంట్లో చూసుకోవాలి.